బడి అక్కను అడగండి: బుడ్డలతో లెక్కలేంది, బుక్కులో రాయరా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా రెండో తరగతి పిల్లల గురించే. ఒకటో తరగతి ఏడుపులు అయిపోయింటాయి, పెద్ద పరీక్షల గోల ఇంకా మొదలు కాదు, అమ్మానాన్నలు తీరిగ్గా కూర్చుని భయపడేదానికి ఇదే టైం మరి. ఒక్కొక్కటే చూద్దాం.

ప్రశ్న: అక్కా, మా పాప రెండో తరగతి. వాళ్ళ మేడం వారం నుంచి ఇంటి నుంచి బుడ్డలు (వేరుశనక్కాయలు) తెప్పిచ్చి వాటితో ఆడిపిస్తాంది, లెక్కల నోట్సు తీసి చూస్తే మూడు పేజీలు కూడా నిండలేదు. పక్కింటి బాబు వేరే స్కూలు, రోజుకి నాలుగు పేజీలు రాసుకొస్తాడు, పదహారో ఎక్కం గడగడా అప్పజెప్తాడు. మా ఆయన స్కూలు మార్చేద్దామని నా మీద ఎగరతాండాడు. మార్చాల్నా? (ఒక అమ్మ, అనంతపురం)

జవాబు: మార్చేది తర్వాత సంగతి తల్లీ, ముందు ఒక పని చెయ్. ఈ రోజు సాయంత్రం పక్కింటి బాబునీ మీ పాపనీ ఇద్దర్నీ కూర్చోబెట్టి నూటపదహారు రాయమను. కట్నాలు, చదివింపులు, చందాలు అన్నిట్లో మనం రోజూ వినే నెంబరే కదా. నేను 31 ఏళ్ళు ప్రైమరీలో పని చేసినా, ప్రతి ఏడాదీ కనీసం నలుగురైదుగురు 10016 అని రాసేవాళ్ళు. నూరు అంటే 100, దాని పక్కన పదహారు అంటే 16, రెండూ అతికిస్తే అయిపోయె. వాడి లెక్క ప్రకారం వాడు రైటే, చెవికి విన్నది విన్నట్టు రాసినాడు. ఇంగ్లీషులో చెప్పినా అదే తప్పు చేస్తారు, మీడియం మారితే పోయే జబ్బు కాదది.

అట్లాంటి పిల్లోడితో వంద సార్లు 116 రాపిస్తే ఏమైతాది, 116 ఒక్కటి వస్తాది, మళ్ళీ 125 అడిగితే 10025 అంటాడు. నేనేం చేసేదాన్నంటే చీపురు పుల్లలు విరిచి పది పుల్లలకి ఒక రబ్బర్ బ్యాండ్, అట్లాంటివి పది కట్టలు కలిపి ఒక పెద్ద కట్ట. పెద్ద కట్ట ఒకటి, చిన్న కట్ట ఒకటి, విడి పుల్లలు ఆరు, నేల మీద సుద్దముక్కతో గీసిన మూడు గళ్ళల్లో పెట్టమనేదాన్ని. పెట్టినాక ప్రతి గడి కింద ఎన్ని ఉన్నాయో రాయి అంటే 1, 1, 6. ఒకసారి ఒక పిల్లోడు ఆ మూడంకెలు చూసి, తన పలక మీద 10016 చూసి, మళ్ళీ గళ్ళు చూసి, ‘మేడం నాకు రెండు సున్నాలు ఎక్కడివి’ అన్నాడు. వాడే పట్టుకున్నాడు, నేను చెప్పలేదు. ఆ రోజు వాడి నోట్సులో రాసింది ఒకే ఒక్క లైను, మీ ఆయన చూసింటే నన్ను కూడా మార్పించేవాడు.

ఇంక బుడ్డల సంగతి. మన జిల్లాలో బుడ్డలంత చౌకగా దొరికే లెక్కల సామాను ఇంకోటి లేదు, మీ మేడం తెలివైన మనిషి అనిపిస్తాంది నాకు. గుప్పెడు కాయలు ఇచ్చి పగలగొట్టకుండా ఊపి చూసి, ఒత్తి చూసి ఇందులో గింజ ఎన్ని అని అడగాల, తర్వాత ఒలిచి చూడాల. ఒంటి గింజవి ఒక వరస, రెండు గింజలవి ఒక వరస, మూడు గింజలవి ఒక వరస, నేల మీద పేర్చితే ఏ వరస పొడుగో చూస్తేనే తెలిసిపోతాది, పెద్ద తరగతుల్లో గ్రాఫ్ అని గీయిస్తారే అదే ఇది. రెండు గింజల వరసలో 14 కాయలుంటే గింజలు మొత్తం ఎన్ని అని అడిగితే రెండో ఎక్కం దానంతటదే వస్తాది, అది బట్టీ పట్టిన ఎక్కం కాదు కాబట్టి మర్చిపోరు కూడా. చివర్న తినేయొచ్చు, అది ఇంకో లాభం, తీసివేతలు అప్పుడే చెప్పాల.

అయితే మీ ఆయన భయం మొత్తం ఉత్తదే అని నేను అనను. బుడ్డలు ఆడించి, తినిపించి, బెల్లు కొట్టగానే వదిలేస్తే అది ఆటే, పాఠం కాదు. ఆట అయిపోయినాక పిల్లతో చెప్పిస్తాండారా లేదా, అదొక్కటి కనుక్కో. ‘నువ్వేం చేసినావు, నీకెట్ల తెలిసింది’ అని టీచర్ అడగాల, పిల్ల తన మాటల్లో చెప్పాల, తర్వాత దాన్నే అంకెల్లో ఒక లైనైనా రాయాల. చేతులు, నోరు, ఆ తర్వాత పెన్సిలు, వరస ఇది. అది ఇంట్లో కూడా తెలిసిపోతాది. ఈ రోజు బుడ్డలతో ఏం చేసినారు అని పాపని అడుగు, ‘ఆడుకున్నాం’ అని ఊరుకుంటే పోయి మేడంతో మాట్లాడు, గొడవ పడేదానికి కాదు, ఊరికే అడిగేదానికి. అట్లా కాకుండా పాప పది నిమిషాలు ఆపకుండా వరసలు, గింజలు అని చెప్తాంటే నోట్సు ఖాళీగా ఉన్నా పర్వాలేదు.

గవర్నమెంట్ లెక్క కూడా చెప్తా, మీ ఆయనకి చూపియ్. 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ అని చిన్న పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని ఒక కార్యక్రమం పెట్టింది, దాని ప్రకారం రెండో తరగతి అయిపోయేసరికి 999 దాకా అంకెలు చదవాల రాయాల, తెలిసిన మాటలున్న చిన్న పాఠం నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటా చదవాల. పదహారో ఎక్కం అందులో లేదు.

ప్రశ్న: నమస్తే మేడం. నేను ఆదోని వైపు ఒక పల్లెలో టీచర్‌ని, జాయిన్ అయ్యి రెండేళ్ళు. స్కూలు మొత్తం 47 మంది, మేము ఇద్దరం. ఒకటి, రెండు తరగతులు కలిపి 19 మంది నా దగ్గర. ట్రైనింగ్‌లో యాక్టివిటీలు బాగా చూపిస్తారు కానీ అవన్నీ ఒకే తరగతి ఒకే గదిలో ఉంటే అయ్యేవి. వీళ్ళని ఆడిస్తాంటే వాళ్ళు గోడలెక్కుతారు. దానికి తోడు సంక్రాంతి దాటితే సగం ఇళ్ళు మిరపకాయల కోతకి గుంటూరు పక్కకి పోతారు, పిల్లోళ్ళు కూడా పోతారు, వచ్చేసరికి అన్నీ మర్చిపోయింటారు. కన్నడం మాట్లాడే పిల్లలు కూడా ఉన్నారు. ఎక్కడ మొదలుపెట్టాల మేడం? (ఒక టీచర్, కర్నూలు జిల్లా)

జవాబు: నీ పరిస్థితి స్పెషల్ ఏం కాదమ్మా, బాధపడొద్దు. విద్యాహక్కు చట్టంలోనే 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు అని రాసుంది, తరగతులేమో ఐదు. అంటే చిన్న ఊళ్ళల్లో ఒక గదిలో రెండు మూడు తరగతులు ఉండేది మామూలే, ట్రైనింగ్ మాత్రం ఒక గదికి ఒక తరగతి అన్నట్టు ఇస్తారు.

నాకు చాలా లేటుగా తెలిసొచ్చిన ఒక విషయం చెప్తా. కొత్త విషయం ఎప్పుడూ నీ దగ్గర, పాత విషయం వాళ్ళంతట వాళ్ళు. ఒకటో తరగతికి కొత్త యాక్టివిటీ చేయించేటప్పుడు రెండో తరగతి వాళ్ళకి నిన్న చేసేసిన ఆటే మళ్ళీ ఇయ్యి, జతలు జతలుగా. వాళ్ళకి రూల్ తెలుసు కాబట్టి నిన్ను పిలవరు. మనం చేసే తప్పేందంటే రెండు పక్కలా కొత్తది పెట్టి మధ్యలో పరిగెత్తడం, నేను కూడా ఐదారేళ్ళు అట్లే పరిగెత్తి గొంతు పోగొట్టుకున్నా. పొద్దున మొదటి పావుగంట మాత్రం 19 మందినీ ఒకే పట్టా మీద కూర్చోబెట్టి కథో పాటో కబురో, అది విడదీయద్దు, ఒకటో తరగతి వాళ్ళకి మాటలొచ్చేది పెద్దోళ్ళ పక్కన కూర్చుంటేనే.

జతలకి మన ఇళ్ళల్లో ఆటలే చాలు. వామనగుంటల పీట ఉంటే మంచిది, లేకుంటే నేల మీద వరసకి ఏడు చొప్పున 14 గుంటలు గీసి చింతగింజలు ఇయ్యి. పంచుతా పోవాల, ఎవరికి ఎక్కువ వచ్చినాయో చెప్పాల, ఎన్ని ఎక్కువో కూడా చెప్పాల. (చింతగింజలు ఇచ్చేటప్పుడు ఒకటో తరగతి వాళ్ళ ముక్కుల మీద ఒక కన్నేసి ఉంచు. నేను ఒక పిల్లోణ్ణి బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి పోయినా ఒకసారి, దారి పొడుగునా వాడు ‘ఒకటే పెట్టుకున్నా మేడం’ అంటానే ఉన్నాడు, డాక్టరు రెండు తీసినాడు. లెక్కల్లో అప్పటికే వీకు వాడు.)

కోతకి పోయే పిల్లల సంగతికి మదనపల్లె దగ్గర ఋషి వ్యాలీ వాళ్ళ పద్ధతి చూడు. చుట్టుపక్కల పల్లె బడుల కోసం పాఠాల్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి ఒక నిచ్చెన లాగా పేర్చినారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లకే తెలుసు, కార్డు మీద బొమ్మ చూసి ఇది టీచర్ దగ్గర చేసేదా, జతలో చేసేదా, ఒంటరిగా చేసేదా తెలుసుకుంటాది. తర్వాత చెన్నై కార్పొరేషన్ బడులు కూడా 2003లో అక్కడి నుంచే నేర్చుకున్నాయి. మనకి పనికొచ్చేది ఏందంటే, పిల్ల రెండు నెలలు లేకుండా పోయి వచ్చినా క్లాసు ఎక్కడుందో అక్కడికి దూకనక్కరలేదు, తను వదిలేసిన మెట్టు నుంచే ఎక్కుతాది. మొత్తం సిస్టం నువ్వు ఒక్కదానివే చేయలేవులే, లెక్కల్లో మాత్రం ఒక 20 కార్డులు పాత పెళ్ళి పత్రికల వెనక రాసుకో, అట్ట గట్టిగా ఉంటాది, ఖర్చుండదు. గోడ మీద ప్రతి పిల్ల పేరుకి ఎదురుగా ఏ కార్డో గుర్తు పెట్టు. అమ్మానాన్నలు కోతకి పోయినన్నాళ్ళు పిల్లలుండే సీజనల్ హాస్టల్ ఉందా అని మండల ఆఫీసులో కనుక్కో, కోతకి పోయే ముందు ఆ ఇళ్ళకి పోయి పిల్లల్ని అక్కడ ఉంచుతారా అని కూడా ఒక మాట అడుగు.

కన్నడం పిల్లల్ని సమస్య లిస్టులో రాసినావు చూడు, అక్కడ నాకు కొంచెం చివుక్కుమనింది. బుడ్డలు చేతిలో పెట్టి దీన్ని మీ ఇంట్లో ఏమంటారు అని అడుగు. ఒకడు బుడ్డలంటాడు, ఒకడు కడ్లెకాయి అంటాడు, ఉర్దూ ఇంటి పిల్ల మూంగ్‌ఫలి అంటాది, మూడూ బోర్డు మీద రాయి. రోజూ నోరు తెరవని పిల్ల ఆ రోజు తెరుస్తాది.

ప్రశ్న: ప్రాజెక్టు అంటారు, మోడల్ అంటారు. పోయిన నెల సౌర కుటుంబం థర్మోకోల్‌తో చేసుకు రమ్మన్నారు. స్టేషనరీ షాపులో 300 అయింది, రాత్రి 11 దాకా నేనూ మా ఇంటామె చేసినాం, పాప నిద్రపోయింది. ఇది ఎవరికి చదువు? (ఆటో నడిపే ఒక నాన్న, కడప)

జవాబు: మీకు. ఇంకోసారి అడిగితే ఇంత పొడుగు మాట్లాడొద్దు, ‘పాప చేసింది మాత్రమే పంపిస్తాం మేడం’ అని చెప్పండి, వంకర టింకరగా ఉన్నా సరే. పిల్లలు చేసింది వంకరగానే ఉంటాది, ఉండాల. నున్నగా ఉండే చార్టులు చూస్తే నాకు ఆఫీసర్ల తనిఖీ గుర్తొస్తాది కానీ పిల్లలు గుర్తుకు రారు.

300 పెట్టకుండా మీ ఇంట్లోనే ఒకటి చెప్తా. కడపోళ్ళు కాబట్టి మీ వసారాలో నల్ల బండలు పరిచింటారు కదా. వరసగా పది బండల మీద సుద్దముక్కతో 10, 20, 30 అని 100 దాకా రాయండి. పాపని 40 మీద నిలబెట్టి 30 ముందుకు పో అనండి, మూడు బండలు దూకుతాది. వెనక్కి 20 అనండి. మీరు సాయంత్రం ఆటో కలెక్షన్ లెక్క పెట్టేటప్పుడు పది రూపాయల నోట్లు పాప చేతికిచ్చి, నోటుకి ఒక బండ నడవమనండి. సుద్దముక్క రూపాయే.

ప్రశ్న: అమ్మా, నేను కర్నూల్లో ఉంటా, రిటైర్డ్ గుమాస్తాని. మా మనవడికి రెండో తరగతి వచ్చినా అ ఆ ఇ ఈ వరసగా రావు. బడిలో ముందే వల, పలక, లత అని మాటలు నేర్పినారంట. మేము ఇసుకలో అక్షరాలు దిద్ది వరసగా నేర్చుకున్నాం, మాకేం రాకుండా పోయిందా? పైగా వాడు కొన్ని అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తాడు. (ఒక తాత)

జవాబు: పెద్దాయనా, మీకు బ్రహ్మాండంగా వచ్చింది, అందులో అనుమానం లేదు. కానీ మీతో పాటు ఒకటో తరగతిలో చేరిన వాళ్ళల్లో ఎందరు ఐదో తరగతి దాకా వచ్చినారో ఒకసారి గుర్తు చేసుకోండి.

వరస తెలియడం వేరు, చదవడం వేరు. వరసని పాటలాగా అప్పజెప్పే పిల్లకి మధ్యలో వేలు పెట్టి ‘ఇదేంది’ అని అడిగితే మళ్ళీ అ నుంచి మొదలుపెట్టి అక్కడిదాకా వస్తాది, మీరే చూసింటారు. ఇంకో సంగతి, తెలుగులో అ ఆ ఇ ఈ లాంటి అచ్చులు అచ్చులుగా కనపడేది ఎక్కువగా మాట మొదట్లోనే. అమ్మ, ఆవు, ఈగ అయిపోతే ఆ తర్వాత అంతా హల్లులు, వాటి మీద తలకట్టులు, గుడులు, కొమ్ములు. అచ్చులన్నీ అయ్యేదాకా ఆగితే పిల్లోడు నెలల తరబడి ఒక్క మాట కూడా సొంతంగా చదవలేడు. వల, పలక, లత అనుకోండి, ఐదే అక్షరాలు, వ, ల, ప, క, త. వాటితోనే కల, తల, కలత, కలప అని వాడే కొత్తవి పుట్టిస్తాడు. వరస ఎప్పుడు కావాలంటే నిఘంటువు చూసేటప్పుడు కావాల, అది మూడో తరగతిలో నేర్పినా ఏం మునిగిపోదు.

ఇసుకని మాత్రం నేను వదలను, మీరు కూడా వదలద్దు. పళ్ళెంలో సన్న ఇసుక పోసి వేలితో రాయిస్తే చేతికి మలుపు తెలుస్తాది. రోజూ పేపర్ మీ ఇంటికి వస్తాది కదా, పెద్ద హెడ్డింగుల్లో వ ఎక్కడుంటే అక్కడ సున్నా చుట్టమనండి. మొదటి రోజు ప నీ, ష నీ కూడా చుట్టేస్తాడు. తిట్టొద్దు, ‘రెండిట్లో తేడా నాకు చూపియ్’ అని అడగండి. వాడు వేలు పెట్టి చూపించి చెప్పినాడంటే మళ్ళీ తప్పు పోడు.

తిరగేసి రాసేదాని గురించి ఏడేళ్ళ లోపు కంగారు వద్దు, చాలామంది పిల్లలు చేస్తారు. ఎనిమిది దాటినా తగ్గకుండా, చదివేది కూడా కష్టమైతాంటే అప్పుడు ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి. అన్నట్టు మన పత్తికొండకీ గుత్తికీ మధ్యలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనం ఉంది కదా, అందులో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, దాని తర్వాతిది కుడి నుంచి ఎడమకి పోతాయి, మడక దున్నుకుంటా పోయి చివర్న తిప్పుకున్నట్టు. మనవణ్ణి ఒక ఆదివారం తీసుకుపోయి చూపించండి, వాడికి ధైర్యంగా ఉంటాది.

ప్రశ్న: ఆటలు ఆడిస్తే గోలగా ఉందని పక్క క్లాసు సార్ రోజూ వచ్చి తలుపు కొడతాండాడు. (ఒక టీచర్, ప్రొద్దుటూరు)

జవాబు: గోల రెండు రకాలు. ఆట గురించి అరుస్తాంటే మంచిది, కొట్టుకుంటా అరుస్తాంటే ఆట పిల్లలకి కష్టమన్నా అయింటాది, లేదా మరీ సులువన్నా అయింటాది, మార్చు. సార్‌కి ఒకరోజు టీ ఇచ్చి లోపలికి పిలిచి ఒక జత పక్కన కూర్చోబెట్టు. అప్పటికీ వినకపోతే చెట్టు కిందికి పో, వేప చెట్టు కంప్లైంట్ చేయదు.

ప్రశ్న: మేడం, శనివారం నో బ్యాగ్ డే. పాటలు, డ్రాయింగు అయిపోయినాయి. ఈ వానాకాలం పిల్లలతో ఏదన్నా కొత్తది చేపియ్యాలనుంది, రెండో తరగతి, 24 మంది. మాది అనంతపురం పక్క పల్లె, వానే సరిగ్గా పడదు, వానాకాలం అంటే నాకే నవ్వొస్తాంది. (ఒక టీచర్)

జవాబు: పడదు కాబట్టే కొలవాల. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా తీసుకో, పైన సన్నబడే చోట కోసి, ఆ ముక్కని గరాటా లాగా తిరగేసి అందులోనే పెట్టు. కోసేది నువ్వే కొయ్, పిల్లలకి ఇయ్యద్దు, అంచుకి టేపు వెయ్యి. అడుగు ఎగుడు దిగుడుగా ఉంటాది కాబట్టి గులకరాళ్ళు వేసి, సీసా నిటారుగా అయ్యే చోటు దాకా నీళ్ళు పోసి, అక్కడ సున్నా గీత. పైన స్కేలు పెట్టి మిల్లీమీటర్లు గీయించు. చెట్టుకీ గోడకీ దూరంగా, మేకలు తన్నకుండా నాలుగు రాళ్ళ మధ్య నిలబెట్టు. ఎండకి నీళ్ళు తగ్గుతాయి, కాబట్టి రోజూ ఇద్దరు పిల్లలు పొద్దున్నే చూడాల, తగ్గింటే మళ్ళీ సున్నా దాకా పోయాల, గోడ మీద చార్టులో రాయాల. వాన పడని రోజు కూడా సున్నా అని రాయాల, అది ముఖ్యం. సున్నా అంటే ఏమీ లేకపోవడం కాదు, చూసి వచ్చి లేదని చెప్పడం అని మా పిల్లలకి నేను వేరేగా నేర్పలేదు, ఆ చార్టే నేర్పింది.

ఇంట్లో అవ్వాతాతల్ని ‘ఎంత వాన పడితే విత్తనానికి పదును అయినట్టు’ అని అడిగి రమ్మను. ఒకాయన మడకకి అంటుకునేంత అంటాడు, ఒకామె జానెడు తడవాల అంటాది. మన సీసాలో ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిన రోజు ఊళ్ళో విత్తనం వేసినారో చూసుకుంటే రెండూ కలుస్తాయి. అప్పుడు ఏడేళ్ళ పిల్ల పెద్దాయనకి లెక్క చెప్తాది, ఆయన ఆ పిల్లకి భూమి సంగతి చెప్తాడు.

పాత అనంతపురం జిల్లాకి ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నేను ఒక ఏడాది గోడ మీద నేల నుంచి 55 సెంటీమీటర్ల దగ్గర గీత గీసి, ఒక్కొక్కర్నీ దాని పక్కన నిలబెట్టినా. అందరికీ తొడ దగ్గరికి వచ్చింది. ఏడాది మొత్తం వాన ఇంకకుండా నిలబడితే ఇంతే అని చెప్పినా. ‘ఇంతేనా’ అన్నారు సగం మంది. ఒక పిల్లోడు మాత్రం ఆ గీత మీద చెయ్యి పెట్టి కాసేపు ఆలోచించి, ‘ఇదంతా ఒకేరోజు పడితే మా బుడ్డ చేను కొట్టుకుపోతాది మేడం, కొంచెం కొంచెం పడాల’ అన్నాడు. వెనక నుంచి ఇంకో పిల్ల లేచి ‘ఎన్ని రోజులు పడాల’ అని అడిగింది. మేము సుద్దముక్క తీసుకుని ఆ గీతని 20 ముక్కలు చేసి చూసినాం, 30 ముక్కలు చేసి చూసినాం, అన్నం బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ గీత ఆ గోడ మీద సున్నం వేసేదాకా ఉండింది.